బాపు మందివ్వడం మానేసిన ఆదివారం

మొన్న మేడ్చల్ బస్టాండు పక్క గోడమీద, కోత లేకుండా, రేడియేషన్ కరెంటు పెట్టకుండా క్యాన్సర్ గడ్డను ఆకుపసరుతో కరిగిస్తామని ఒక కాగితం అంటించి ఉంటే, కళ్ళజోడు సవరించుకొని మరీ చదివాను. నా ఈడువాళ్ళకు ఇటువంటి రాతలు కొత్తేమీ కావు గాని, నేను మాత్రం వచ్చిన ఆటోను వదిలేసి అక్కడే నిలబడిపోయాను, ఎందుకంటే మా బాపు కూడా పసరుమందు ఇచ్చిన మనిషే.

మాది శామీర్‌పేట దగ్గరి లాల్‌గడి మలక్‌పేట్. బాపుది వ్యవసాయం. పచ్చకామెర్లకు ఇచ్చే ఆకుమందు ఒకటి మా తాత నుంచి ఆయన చేతికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే కళ్ళు పచ్చబడినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మా అరుగు మీద కూర్చుంటే, బాపు స్నానం చేసి, పొలం గట్టున కోసుకొచ్చిన ఆకు నూరి, పరగడుపున మింగించి, పథ్యం చెప్పి పంపేవాడు. కొబ్బరికాయ తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. చాలామందికి నయమయ్యేది, అది మందువల్లనో, దానంతటదే తగ్గేదో మేమెవరమూ అడగలేదు.

నేను జీడిమెట్లలో మాత్రలు డబ్బాలకెత్తే కంపెనీలో పనికి కుదిరిన కొత్త అది. బాపుకు అక్క అయిన మా మేనత్త, భర్త పోయాక మా వాడకట్టులోనే ఉండేది. ఒకనాడు, ఆడపిల్లనని, నన్ను లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, రొమ్ములో గడ్డ చూపించింది. నొప్పి లేదు కదా అని దాచుకుందట. నేను సెలవు పెట్టి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలయ్యాక డాక్టరమ్మ అది క్యాన్సరేనని, ఆపరేషన్ చేసి తర్వాత కరెంటు పెడితే బతికే ఆశ బాగానే ఉందని నెమ్మదిగా చెప్పింది. తిరుగు బస్సులో మేనత్త కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. దిగినాక మాత్రం తన ఇంటికి పోకుండా తిన్నగా బాపు ముందుకు వెళ్ళి నిలబడింది.

"తమ్మీ, కత్తి తగిలితే ఒళ్ళంత పాకుతదంటరు. నేను పోను. నాకు నువ్వే మందియ్యి."

"అక్కా, నాది కామెర్ల మందు. గీ రోగం నాకెర్కలేదు" అని బాపు ఎంత చెప్పినా వినలేదు. ఊరందరికీ ఇచ్చి తోడబుట్టినదానికి లేదంటావా అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. బాపు ఆ ఏడుపుకు లొంగిపోయాడు.

ఆ ఎండాకాలమంతా ఆమె ఉప్పు, పులుపు మానేసి పసరు తాగింది, ఆకుముద్ద కట్టుకుంది. మనిషి పుల్లలా అయింది గాని, గడ్డ మెత్తబడుతోందని సంబరంగా చెప్పేది. కట్టు మార్చే నాకు అది పెరుగుతున్నదని, పైన చర్మం కూడా ఎర్రబడిందని కనిపిస్తూనే ఉండేది. బాపుకు చెప్పాను. అప్పటినుంచి ఆయన కంచం ముందు కూర్చొని అన్నం కెలికి లేచిపోయేవాడు.

ఇక ఒక ఆదివారం, అరుగు నిండా జనం ఉండగా, వాళ్ళ మధ్యనే మేనత్త కూడా కూర్చొని ఉండగా, బాపు వట్టి చేతులతో బయటికి వచ్చాడు.

"ఇయ్యాల్టి సంది నేను మందియ్య. మా అక్కకు పని చేస్తలేదు. నేను సూస్తున్న గద, పెరుగుతనే ఉన్నది. మీ కామెర్లు నా మందుకే తగ్గుతున్నయో లేదో నాకెర్కలేదు, మీరు సుత దవాఖానకు పోండ్రి."

కొందరు బతిమిలాడారు, కొందరు తిట్టుకుంటూ లేచారు. మేనత్త అందరికంటే చివర లేచి, "నా నోట్ల మన్ను కొట్టినవ్‌రా" అని వెళ్ళిపోయింది.

కొంతకాలం ఆమె మా గడప తొక్కలేదు. ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి వస్తుంటే ఆమే నాకెదురొచ్చి, "ఇగ దవాఖానకు తోల్కపో బిడ్డా, వాడే చేతులెత్తేసినంక నాకెవరున్నరు" అంది. ముందు గడ్డ తగ్గడానికి సూదిమందులు, జుట్టు రాలడం, తర్వాత ఆపరేషన్, కరెంటు, అన్నీ అయ్యాయి. అప్పుడే వచ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదని డాక్టరమ్మ అన్నప్పుడు, మా వెనకే వచ్చి నిలబడ్డ బాపు ఆ మాట తనకే అన్నట్టు తల వంచుకున్నాడు. ఆమె బతికింది, ఆపరేషన్ చేసిన వైపు చెయ్యి మాత్రం ఉబ్బిపోయి మిగిలింది. మరుసటి ఏడు రాఖీ పున్నానికి పిలవకుండానే వచ్చి, ఆ ఉబ్బిన చేతితోనే తమ్ముడికి రాఖీ కట్టి, "పులుసు పొయ్యి, మస్తు ఆకలైతాంది" అని మా అమ్మను కేకేసింది. బాపు కళ్ళు తుడుచుకోవడానికి దొడ్లోకి వెళ్ళాడు.

బాపు చేతి వాసి పోయిందని ఊళ్ళో అన్నారు. ఆయన మళ్ళీ ఆకు నూరలేదు. ఆయన పోయాక కూడా మేనత్త చాలా ఏళ్ళు బతికి, ముసలితనంతోనే పోయింది.

ఇప్పుడా పొలాల్లో ప్లాట్ల రాళ్ళు పాతారు. ఆడవాళ్ళు గడ్డ అనిపిస్తే దాచుకోకుండా పరీక్షకు పోతున్నారు, అది ఎంతో మంచి మార్పు. మందు చెప్పేవాళ్ళు కూడా ఇంటికొకరయ్యారు. ఒక మందు చెప్పి పోయినవాళ్ళు, తర్వాత దాన్ని వాడిన మనిషి ఏమైందో బాపులా చూడటానికి మాత్రం మళ్ళీ రావడం లేదు.