గుమ్మం దిగిన బేరగాడు

మా ఐరిష్ వియ్యంకుడి ఇంట్లో చలికాలం రాగానే ఆడా మగా అందరూ కలిసి విక్లో కొండల్లోకి జింకల వేటకు వెళ్తారు. వాళ్ళబ్బాయిని మా అమ్మాయి చేసుకుని చాలా ఏళ్ళయినా నాకు పిలుపు రాలేదు. నిరుడు ఆయనే ఫోన్ చేసి "మీరూ రావచ్చుగా?" అన్నాడు. అత్లోన్‌లో ఒక్కణ్ణే ఉంటాను. ఆదివారాల్లో నాతో మాట్లాడేది సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే మెషీన్ ఒక్కటే. పొంగిపోయాను.

"నీకు గన్ ఎందుకు డాడ్? యూ కెన్ మైండ్ ద ఫ్లాస్క్స్," అంది అమ్మాయి.

వేటకు వెళ్ళి టీ ఫ్లాస్కులు కాయడమంటే, పెళ్ళికి వెళ్ళి చెప్పుల దగ్గర కూర్చోవడమే. కాల్చడం నేర్చుకున్నాను. తుపాకీ ఏదో తేల్చుకుంటే గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, లైసెన్సు అర్జీ పెట్టుకోవచ్చు. ఊరి చివర తుపాకులమ్మే పెద్దాయన కొట్లో ఒక పాత రైఫిల్ కనిపించింది. దాని వాల్‌నట్ చెక్క పిడి ఎందరి చేతులో తగిలి తగిలి నున్నబడింది. చూడగానే మనసు పడ్డాను. పడ్డట్టు కనిపించకుండా మొహం చిట్లించాను. తెనాలిలో మా బట్టల కొట్లో నేర్చిన మొదటి పాఠం అది.

"మా తాత వయసుంటుంది దీనికి," అన్నాను.

"మీ తాతకన్నా సూటిగా కొడుతుంది," అన్నాడు ఆయన నవ్వకుండా.

"ఈ గీత ఏమిటి?"

"ముళ్ళకంప. గీత ఉచితం."

నా ధర చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను నిట్టూర్చి "అయితే వద్దులెండి" అని గుమ్మం వైపు తిరిగాను.

"గ్రాండ్, సో. సేఫ్ హోమ్," అన్నాడు, సరే మరి, క్షేమంగా వెళ్ళండి అని.

మా నాన్న అనేవాడు: "బేరగాణ్ణి గుమ్మం దిగనియ్, సందు మలుపు తిరగనియ్యకు." కాబట్టి గుమ్మం దిగాను. ఊడని బూటు లేసు కట్టుకున్నాను. జేబులో చేతికి తగులుతూనే ఉన్న కారు తాళం వెతికాను. కాసేపు మబ్బులు చూశాను. వెనకనుంచి "ఇదిగో, రండి" అన్న కేక రాలేదు. కొట్టు అద్దంలోంచి చూస్తే ఆయన నా వేలిముద్రలు గుడ్డతో తుడిచి రైఫిల్‌ను బీరువాలో పెడుతున్నాడు.

తిరిగి లోపలికి వెళ్ళొచ్చు. కానీ మా వంశంలో అలా వెళ్ళినవాడు లేడు. తరవాతి శనివారం ఏదో పనిమీద వచ్చినట్టు వెళ్ళాను. అమ్ముడుపోయింది.

వేట దగ్గరపడ్డాక వియ్యంకుడు ఫోన్ చేశాడు. "తుపాకీ దొరికిందా?"

"లేదండీ. ఈసారికి నేను మానేస్తాను. ఊరికే మీకు అడ్డం."

మనవైపు ఈ మాటకు జవాబు తయారుగా ఉంటుంది. 'అదేం మాట బావగారూ! తుపాకీ లేకపోతేనేం, మీరు రాకపోతే ఎలా?' ఆ జవాబు కోసం ఆగాను.

"ఆర్ యూ షూర్?" అన్నాడు.

ఒక్కసారి అడగ్గానే ఒప్పుకునే బేరగాడు ఎక్కడైనా ఉంటాడా? "అయ్యో, ఫర్వాలేదండీ," అన్నాను.

"గ్రాండ్, సో," అన్నాడు, పాపం, నా మాటకు విలువిచ్చి.

ఈ దేశంలో ఫోన్ పెట్టేముందు ఒక్క బైతో సరిపెట్టరు. బై, బై, బై అంటూ దూరమవుతారు. ప్రతి బై దగ్గరా, ఇంకా సందు మలుపు రాలేదు, పిలుస్తాడు అనుకుంటూ ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను.