ఊగే కుర్చీకి ఐదు డాలర్లు

కష్టపడి చెడ్డపేరు తెచ్చుకునేవాళ్లుంటారు. నాకంత కష్టం అవసరం రాలేదు. అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్లో ఒక శనివారం పొద్దున, రెండే రెండు గంటల్లో, ముక్కూమొహం తెలియని ఓ పసిపిల్ల ప్రయాణాన్ని ఆపేసినంత పని చేశాను. ఎలాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే చివర్లో నవ్వండి, మధ్యలో నవ్వితే నాకు చెప్పే ధైర్యం పోతుంది.

అది 2008. పెళ్లయిన కొత్త, హెచ్‌ఫోర్ వీసా మీద దిగాను. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు. మా ఆయన మురళి ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రం దాకా అపార్ట్‌మెంట్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్, తలుపు తీస్తే పార్కింగ్ లాట్. అన్నిటికంటే పెద్ద బాధ, బేరమాడటానికి మనిషి దొరక్కపోవడం. గుంటూరులో కూరల బండివాళ్లు నన్ను చూసి సందు మార్చేవాళ్లు. అలాంటి నోరు ఇక్కడ బార్‌కోడ్ ముందు మూగబోయింది.

అందుకే యార్డ్ సేల్ అనేదొకటుందని తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఇంటి ముందు పాత సామాను పరిచి ఆ ఇంటివాళ్లే అమ్ముతారట. మనిషంటూ ఉంటే బేరం ఉన్నట్టే.

ఆ శనివారం మా పై ఫ్లోర్‌లో ఉండే పద్మక్కని అడిగి వాళ్ల వ్యాన్ తీసుకుని బయల్దేరాం. ఒక ఇంటి ముందు లాన్ నిండా సామానే.

"అదిగో, ఆ మూల ఖాళీగా ఉంది. అక్కడ ఆపండి."

"అక్కడేదో బోర్డుంది వసూ. అడ్డమవుతుందేమో."

"బోర్డు కొంటామా ఏంటి? ముందు ఆపండి, మంచివన్నీ పోతాయి."

ఆపారు. నేను తలుపు పూర్తిగా తెరవకుండానే దూకాను. కొబ్బరిపీచు రంగు జుట్టున్న ఒకావిడ అమ్ముతోంది, పేరు లిండా. మంచి చెక్కతో చేసిన ఊగే కుర్చీ మీద నలభై డాలర్లని చీటీ అతికించి ఉంది.

"ఫైవ్," అన్నాను.

మురళి నా వెనక్కి చేరి గొణిగారు. "నలభైదాన్ని ఐదుకా? ఇక్కడ అలా అడగరు."

"అడగందే అమ్మైనా పెట్టదండీ."

లిండా కుర్చీని చూసింది, నన్ను చూసింది, సాక్సుల మీద తొడుక్కున్న నా హవాయి చెప్పుల్ని చూసింది. ఇరవైకి ఇస్తానంది. నేను నా బ్రహ్మాస్త్రం తీశాను, అంటే వెనక్కి తిరిగి నడిచాను. మా ఊళ్లో మూడో అడుగుకే పిలుస్తారు. ఇక్కడ నాలుగైనా పిలుపు లేదు. ఐదో అడుగు ఎలా వేయాలా అని సతమతమవుతుంటే, "సరే, తీసుకో," అని వినిపించింది.

అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను. కొసరు అడిగాను. కొసరంటే ఏమిటో ఇంగ్లీష్‌లో వివరించి మరీ అడిగాను. పాపం, ఆరు గాజు గ్లాసులు చేతిలో పెట్టింది. మురళి వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నారు.

నాకు కాళ్లు నిలవలేదు. వెంటనే ఫోన్ తీశాను. "పద్మక్కా, తొందరగా వచ్చెయ్యి. అడిగినంతకి ఇచ్చేస్తోంది పిచ్చితల్లి."

"నిజంగనా? ఆగు, వస్తున్న. సరితోళ్లకు గూడ చెప్త."

అరగంటలో నాలుగు తెలుగు కుటుంబాలు దిగాయి. నేను లాన్ మధ్యలో నిలబడి ఆజ్ఞలిచ్చాను. దీన్ని రెండుకి అడుగు, దాని మీద కొసరు లేకుండా కదలకు. లిండా మొహం కాస్త వాడినట్టు కనిపించింది గానీ, ఎండ అనుకున్నాను.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. అమెరికన్లు చీటీ మీదున్న దానికంటే ఎక్కువిస్తున్నారు. ఒక ముసలాయన అర డాలర్ కప్పుకి ఇరవై ఇచ్చి, చిల్లర తీసుకోకుండా వెళ్లిపోతున్నాడు. నా ప్రాణం ఊరుకోలేదు. పరుగెత్తి పట్టుకున్నాను.

"సార్, ఆ కప్పు అర డాలరే. అడిగితే ఇంకా తగ్గిస్తుంది."

"తెలుసమ్మా. పాప కోసం కదా ఇచ్చాను."

"ఏ పాప?"

"బోర్డు మీద రాసుంది చూడు," అని చుట్టూ వెతికాడు. "పొద్దున నేనే పాతాను, ఇక్కడే ఉండాలి. ఈ వ్యాన్ ఎవరిదో అడ్డంగా పెట్టారు."

మురళి వ్యాన్ వెనక్కి తీశారు. బోర్డు మీద నాలుగేళ్ల పిల్ల ఫొటో, రెండు పిలకలు, బుగ్గన దిష్టిచుక్క. 'మా అమ్మాయిని ఇంటికి తెచ్చుకోవడానికి సాయం చేయండి' అని పెద్ద అక్షరాలు. కింద చిన్నగా, విశాఖపట్నం. దత్తత ఫీజుకి, టికెట్లకి నెలాఖరులోగా డబ్బు కూడకపోతే ప్రయాణం మళ్లీ ఎప్పటికో అని ముసలాయన చెప్పాడు.

అడగందే అమ్మైనా పెట్టదన్నానా. నేను అడిగి పుచ్చుకున్నది, బిడ్డ ఇంకా ఇల్లు చేరని అమ్మ దగ్గర. సిగ్గుతో చచ్చిపోయాను.

కుర్చీ, గ్లాసులు మోసుకుంటూ లిండా దగ్గరికి పరుగెత్తాను. "క్షమించండి, నేను బోర్డు చూడలేదు. మరి మీరైనా ఎందుకిచ్చారు?"

"కొత్తగా వచ్చినట్టున్నావు. ఇంట్లో కూర్చోడానికి కుర్చీ కూడా లేదేమో అనుకున్నాను."

అంటే నేను గెలిచిన బేరమంతా ఆవిడ చేసిన దానం. అప్పటికే ఇళ్లకు చేరినవాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేశాను.

"కొననీకి నువ్వే పిలిస్తివి, ఇప్పుడు వాపస్ ఇయ్యమంటవా?" అంది పద్మక్క.

"పాప మన వైజాగ్‌దంట అక్కా."

"ముందుగాల చెప్పద్దా. వస్తున్న."

గంటలో అందరూ వచ్చారు, కొన్నవాటితో పాటు ఇంట్లో ఉన్న రైస్ కుక్కర్లు, సూట్‌కేసులు కూడా పట్టుకుని. పద్మక్క గిన్నెడు పులిహోర కలుపుకొచ్చి, ధర లేకుండా బల్ల మీద పెట్టింది. ముసలాయన మూడు ప్లేట్లు తిని, ప్లేటుకో ఇరవై పెట్టాడు. నేను కుర్చీకి వంద ఇచ్చాను. మురళి జీవితంలో మొదటిసారి నాతో బేరమాడబోయి, నా మొహం చూసి మానుకున్నారు. సాయంత్రానికి కావలసింది కూడింది. లిండా గడ్డిలో కూర్చుని ఏడ్చింది, ఆవిడ పక్కన నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

అక్టోబర్‌లో లిండా ఫోన్ చేసింది. పాప వచ్చింది, ఏం మాట్లాడుతోందో ఎవరికీ అర్థం కావట్లేదు, ఒకసారి రాగలవా అని. పప్పన్నం కలుపుకుని వెళ్లాను. చుట్టాలందరి ముందూ లిండా నన్ను పరిచయం చేసింది.

"నీ టికెట్ డబ్బులో ముప్పై ఐదు డాలర్లు తగ్గించబోయిన మనిషి ఈవిడే. వసుధా, ఇది దానికి తెలుగులో చెప్పు."

పాపని వదిలేస్తే ఆ ఇంట్లో తెలుగొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. మాట తగ్గించకుండా చెప్పాను. పాప ముద్ద మింగి, నన్నే చూసింది.

"ఎందుకక్కా? నేను రావద్దనా?"

"కాదమ్మా. నీ గురించి బోర్డు మీద రాశారు. నేను చదవలేదు."

పాప మొహంలో జాలి కనిపించింది. "నీకు చదువు రాదా?"

"ఏమంటోంది, ఏమంటోంది?" అని గదిలో ఉన్న పదిహేను మందీ అడిగారు. ఎమ్సీయే ఫస్ట్ క్లాస్‌లో పాసైన నేను, ఆ ప్రశ్నని స్వయంగా ఇంగ్లీష్‌లోకి మార్చి వాళ్లందరికీ వినిపించాను.

పప్పు చేత్తోనే అక్కడికక్కడ ఒట్టేసుకున్నాను. ఇకమీదట బోర్డు చదవకుండా నోరు తెరవను, బోర్డు లేకపోతే ఎందుకు లేదని అడిగి గానీ నోరు తెరవను. ఈ ఒట్టు మీద మాత్రం బేరం లేదు.