యునాన్‌లో చెరుకు

బోధన్ హకీం సిరాజ్ కూతురు మహీన్‌కు చిన్నప్పుడు యునాన్ అంటే నాందేడ్ దాటాక వచ్చే ఊరు. తండ్రి దవాఖానా బోర్డు మీద 'యునాని' అని రాసి ఉండేది. నాడి పట్టిన ప్రతిసారీ ఆయన "యునాన్ ఉస్తాదులు చెప్పిన్రు" అని మొదలుపెట్టేవాడు. అన్ని సంగతులు తెలిసిన ఆ ఉస్తాదులు బస్సెక్కితే దొరుకుతారని పిల్ల నమ్మింది. ఆ ఊరు గ్రీసు దేశమనీ, ఆ ఉస్తాదులు పోయి రెండు వేల ఏళ్లు దాటిందనీ బడిలో తెలిశాక కూడా మోజు తగ్గలేదు. ఢిల్లీలో చదివింది, ఏథెన్స్‌లో ఉండి పాత గ్రీకు నేర్చుకుంది, ఇప్పుడు హైదరాబాదులో ప్రొఫెసరు. ఆ కాలపు గ్రీకుల వైద్యం, నక్షత్రాల లెక్క, వాటిని చెప్పిన పద్యాలు, ఇవే ఆమె లోకం. ఎవరూ మాట్లాడని భాష నేర్చి ఎవరితో మాట్లాడుతుందని చుట్టాలు ఎకసెక్కాలాడితే, "మా ఉస్తాదులతోటి" అనేవాడు సిరాజ్.

అలాంటి తండ్రిని ఆమె నలుగురిలో నవ్వులపాలు చేసింది. కావాలని చెయ్యలేదంటే అది సగం నిజం.

ఒక సదస్సులో భోజనాలయ్యాక మహీన్ వంతు వచ్చింది. సభంతా కునికిపాట్లు పడుతుంటే ఓ ముచ్చట చెప్పింది. మా వైపు ఒక హకీం కామెర్లకు చెరుకు రసం తాగమంటాడు, అదీ యునాన్ ఉస్తాదుల మాటేనంటాడు. పాపం ఆ ఉస్తాదులు తమ దేశంలో చెరుకు గడ మొహం చూసి ఎరుగరు అంది. సభ గొల్లుమంది. మెచ్చుకోలు రుచి మరిగిన మనిషి ఊరుకోదు కదా, అదే ముచ్చటను ఉర్దూ పత్రిక ఆదివారం పేజీకి రాసి పంపింది. పేరు పెట్టలేదులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. బోధన్‌లో చెరుకు చెప్పే హకీం ఇంకెవరున్నారని పేరు పెట్టాలి?

ఆ ఆదివారం సిరాజ్ పత్రిక పట్టుకుని సంబరంగా దవాఖానాకు వచ్చాడు. తను ముందే చదివి ఉంటే బాగుండేది. బిడ్డ రాసింది అందరూ వినాలని, మందులు కట్టే ఫుర్ఖాన్ చేతికిచ్చి గట్టిగా చదవమన్నాడు. బెంచీ మీది రైతులకు ఒక్కో వాక్యాన్నీ తనే తెలుగులో చెప్పసాగాడు. చెరుకు దగ్గరికి వచ్చేసరికి ఫుర్ఖాన్ గొంతు తగ్గింది. ఆపొద్దన్నాడు సిరాజ్. ఆ వాక్యాన్ని కూడా తెలుగులో చెప్పాడు. ఎవరో నవ్వారు. ఆయనా నవ్వాడు. మర్నాడు పెయింటర్‌ను పిలిపించి బోర్డు మీది 'యునాని' చెరిపించాడు.

తల్లి హమీదా ఇదంతా ఫోన్లో చెప్పి, తిట్టకుండా పెట్టేసింది. తిట్టినా బాగుండేది. మహీన్ ఆ పూటే బయల్దేరి, నిజామాబాద్‌లో బస్సు మారింది. ఎడపల్లి దాటినా మాఫీ ఎలా అడగాలో తెలియలేదు. ఇన్నేళ్లూ తనకు కూడు పెట్టింది ఆ 'యునాని' అన్న మాటే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని ఆమెకు సిగ్గేసింది.

మహీన్ చేరేసరికి దవాఖానాలో పోశన్న అనే చెరుకు రైతు చెయ్యి చాపి కూర్చున్నాడు. సిరాజ్ చాలాసేపు నాడి చూశాడు గానీ ఉస్తాదుల మాట ఎత్తలేదు.

"ఉస్తాదులేమంటున్రు హకీంసాబ్?" అలవాటు కొద్దీ అడిగాడు పోశన్న.

"పెద్ద దవాఖానల చూపించుకో పోశన్నా."

పోశన్న ఒకసారి మహీన్ వైపు చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తప్పయిపోయిందనీ, బోర్డు మళ్లీ రాయించమనీ ఆమె బతిమాలింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే సిరాజ్, దవాఖానాలో కూర్చుంటే బిడ్డతోనైనా తెలుగులోనే మాట్లాడేవాడు.

"తప్పేం రాసినవ్ బేటా? గా చెరుకు ముచ్చట నాకు వైద్యం నేర్పిన మా తాత, మా దాదా కలిపిందే అయి ఉంటది. ఊరి సుట్టంత చెరుకాయె. నిజం రాసినోళ్లకు మాఫీ ఎందుకు?"

ఆయన కోప్పడితే ఏడ్చి తేలికపడేది. ఆయనకు కోపం లేదు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, పరీక్ష పాసైనానా లేదా అని అడిగే పిల్లాడిలా గొంతు తగ్గించాడు.

"ఒక్కటి చెప్పు. మా దాదా చెప్పినయి, నేను జనాలకు చెప్పుకుంట వచ్చినయి... మీ కితాబులల్ల ఒక్కటన్న ఉన్నదా?"

ఒక్కటేమిటి! ఒంట్లో నాలుగు రసాలుంటాయన్నది, అవి తూకం తప్పితేనే రోగమన్నది, ఊరి గాలీ నీళ్లూ తెలుసుకోకుండా రోగికి మందియ్యొద్దన్నది, అన్నీ మహీన్ గ్రీకులో చదివినవే. చదివిన ప్రతిసారీ తండ్రి గొంతే వినిపించేది. రాయడానికి కూర్చున్న రోజునా అవన్నీ ఆమెకు తెలుసు. కానీ వాటికి ఎవరూ నవ్వరు.

"చానా ఉన్నయ్ అబ్బాజాన్. చెరుకు తప్ప దాదాపు అన్నీ ఉన్నయ్."

సిరాజ్ ముఖం వెలిగింది. ఆ తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి గది ఎందుకు రాయలే బేటా?"