సూదిగది తెర

తిరువూరులో డాక్టరు సీతారామారావు ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్ల బాధలు మగవాళ్లే చెప్పేవారు. భార్య బల్ల మీద కూర్చుంటే, పక్కన నిలబడ్డ మొగుడు జవాబిచ్చేవాడు. పన్నూడితే జారిపడిందండి, కన్ను వాస్తే గేదె కుమ్మిందండి. ఊళ్లో గేదెలన్నీ పెళ్లయిన ఆడవాళ్లనే ఎందుకు కుమ్ముతున్నాయని ఆ డాక్టరు ఒక్కనాడూ అడగలేదు.

నర్సు దౌలత్‌బీకి ఒళ్లు మండేది. ఒకసారి ఆగలేక, రెడ్డిగూడెం మామిడితోట కాపలాదారు జోజప్ప పక్కన ఉండగానే అతని భార్య అంతోనమ్మను ఎవరు కొట్టారని అడిగేసింది. ఆ ప్రశ్నకు జోజప్ప ఇంటికెళ్లాక జవాబిచ్చాడు. నెల తిరక్కుండానే అంతోనమ్మ విరిగిన మణికట్టుతో మళ్లీ వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి.

"గట్టు మీద జారిందండి," అన్నాడు జోజప్ప.

దౌలత్‌బీ పళ్లు బిగబట్టుకుంది. నడుముకు సూది వేసేటప్పుడు మగవాళ్లు బయటికి పోవడం అక్కడి మర్యాద. పెళ్లాన్ని తన్నేవాడు కూడా ఆ మర్యాద తప్పడు. సూది వెయ్యాలి, బయట కూర్చోమని చెప్పి తెర లాగేసింది. లోపల మెల్లగా మళ్లీ అదే అడిగింది, ఎవరు కొట్టారని.

అంతోనమ్మ గోడ వంక చూస్తూనే చెప్పింది. "వాడే కొట్టాడు. ఇప్పుడేం చేస్తారు నర్సమ్మా? పోయినసారి కూడా అడిగారు. అడిగి వాడి వెంటే పంపారుగా."

దౌలత్‌బీకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. "నీకెవరున్నారే?" అంది.

"విస్సన్నపేటలో మా అన్న."

కడుపులో బిడ్డకు ప్రమాదం, రాత్రికి ఇక్కడే ఉంచాలని జోజప్పకు చెప్పి పంపేసింది. విస్సన్నపేట బస్సు కండక్టరుతో కబురంపింది. అన్న శాంతయ్య సాయంత్రానికల్లా దిగాడు.

చెల్లెల్ని తీసుకెళ్తుంటే డాక్టరు మండిపడ్డాడు. మొగుడూపెళ్లాల గొడవ మనకెందుకు, మనది వైద్యమన్నాడు.

"కట్టు కట్టి, విరగ్గొట్టినవాడి చేతికే అప్పజెప్పడం వైద్యమా డాక్టరుగారూ?"

శాంతయ్య చెల్లెల్ని విస్సన్నపేట బస్సెక్కించాడు.

మర్నాటి నుంచి దగ్గుతో వచ్చినా, జ్వరంతో వచ్చినా ప్రతి ఆడమనిషినీ దౌలత్‌బీ తెర వెనక్కి పిలిచింది. సూది ఉన్నా లేకపోయినా ముందు అడిగేది, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అని. అవునంటే ఆ వెంటనే, నీకెవరున్నారని. బయట బల్ల మీద మొగుళ్లు బీడీలు కాలుస్తూ, సూదికి ఇంతసేపా అని విసుక్కునేవారు.

విసుక్కోనీ.