డాక్టరుకు చెప్పని సంగతి

“...చెప్తే ఏమైతుండె అక్కా? ఆపరేషన్ ఆగుతుండె, అంతే గదా!” అన్నాడు రాజలింగం.

“ఆగకపోతుండెరా. మందు మారుస్తుండిరి,” అంది సుభాషిణి.

ఆమెది దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్ల గాజుల దుకాణం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీసేముందు డాక్టరు, “మీ ఇంట్లో మత్తుమందు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగాడు. పక్కనే నిలబడ్డ తమ్ముడు లేరన్నాడు. ఆపరేషన్ గంటలో ముగిసింది. మత్తు దిగి మాటలన్నీ వినబడుతున్నా ఆమెకు వేలు కదల్లేదు. ఆరు గంటలపాటు ఊపిరి కూడా యంత్రమే పోసింది. అలా పడివుండగానే తమ్ముడు తన భార్యతో గుసగుసలాడటం వింది: “అప్పుడు నా ఆపరేషన్ల నాకైనట్లే అయింది. ఎవ్వరికి చెప్పకు, పెండ్లి చెడుతది.”

మత్తుతో పాటు కండరాలను సడలించే మందు ఒకటిస్తారు; దాన్ని రక్తంలో ఒక ప్రొటీన్ విరగ్గొట్టాలట. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు సుభాషిణికి అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిపోయే వచ్చింది. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఇది ఎక్కువన్నాడు డాక్టరు. రాజలింగం కూతురు శ్రావ్యను సుభాషిణి కొడుక్కే చేద్దామనుకున్నారు.

“పిల్ల తండ్రిని గదక్కా. నువ్వు వద్దంటవేమోనని భయమైంది.”

“అందుకని నన్ను బల్ల మీద పండబెట్టినవా? ఎత్తుకుని తిప్పిన గదరా నిన్ను!”

“ఇప్పుడు మంచిగనే ఉన్నవు గదా!”



“ఆదివారం పిల్లలిద్దరిని కూసోబెట్టి అంతా నేనే చెప్త. చేసుకునుడు, మానుడు వాండ్లిష్టం.”