నేను వేయించిన ఆపరేషన్ గది నేల

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో సిద్దిపేటలో ఏ పని మొదలుపెట్టినా మధ్యలో ఒక బంద్ వచ్చేది, బంద్ లేని రోజున ర్యాలీ ఉండేది. నాకేమో వాటన్నిటికంటే నేల ముఖ్యం. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త డిప్లొమా, మొదటి కొలువు: కండ్ల దవాఖానలో ఆపరేషన్ గదికి ఎలాంటి నేల వేయాలో తేల్చడం. డాక్టరమ్మ పాలరాయి అంది, మేస్త్రీ చాచా టైల్స్ అన్నాడు. "రెండిట్ల సందులుంటయి, సందుల్ల మురికి ఉంటది, గా మురికే కంట్లకు పోతది!" అని వాదించి, అతుకు కనపడకుండా వేడితో కలిపేసే వినైల్ అనే ప్లాస్టిక్ షీటు వేయించాను. (ఆ గెలుపుతో వారం రోజులు నా నడకే మారిపోయిందని చాచా అనేవాడు.)

తనిఖీకి హైదరాబాద్ నుంచి పెద్ద డాక్టర్ మధ్యాహ్నం రావాలి. ఆయన సరే అంటేనే ఆపరేషన్లు, నా కొలువూ. పదకొండింటికి బయట లాఠీలు లేచాయి. ర్యాలీలోంచి, ఒంటినిండా గులాల్ రంగు పూసుకున్న కాలేజీ పిల్లలు ఇరవై మంది దవాఖానలోకి ఉరికొచ్చారు. లోపలి నుంచి గడియ పడేది ఆ ఆపరేషన్ గదికొక్కదానికే. డాక్టరమ్మ తలుపు తీసింది. నేను అడ్డంగా నిలబడి అరిచాను: "చెప్పులు ఇడ్చి లోపలికి పోన్రి!" వెనక పోలీసులు తరుముకొస్తుంటే, పాపం, ఇరవై మందీ బుద్ధిగా చెప్పులు విడిచారు. వాళ్లు లోపల గడియ పెట్టుకున్నాక చాచా కిందికి చూసి, "ఏం జేసినవ్ బేటీ?" అన్నాడు. మూసిన తలుపు ముందు ఇరవై జతల చెప్పులు. వాటిని తీసే లోపే ఎస్సై కానిస్టేబుళ్లతో వచ్చేశాడు.

"ఎవరివి ఇవి?"

"పేషెంట్లవి సార్" అన్నాను. ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల ఒక్కరు తుమ్మినా అందరూ జైలుకే. డాక్టరమ్మ మాత్రం కదలకుండా, "ఆపరేషన్ గది సార్ గిది. ఎవలైనా బూట్లు ఇడ్వాల్సిందే" అంది. ఆయన వంగి ఒక బూటు విప్పాడు. చిరిగిన మేజోడులోంచి బొటనవేలు బయటికి వచ్చింది. కానిస్టేబుళ్లు నవ్వు కనపడకుండా గోడ వైపు తిరిగారు. ఆయన ఆ వేలినీ, చెప్పులనూ, మా మొహాలనూ చూసి, బూటు మళ్లీ తొడుక్కుని, "పేషెంట్లు జాగ్రత్తమ్మా" అని వెళ్లిపోయాడు. (అంతా తెలిసే వెళ్లాడని ఇప్పుడనిపిస్తుంది.)

తలుపు తీస్తే నేలంతా గులాల్. ఒక పిల్లవాడి మోచేతి నుంచి నెత్తురు కారుతోంది; నేను చూసింది మాత్రం అది పడ్డ చోటు. "అయ్యో, నా నేల!" అని ఏడ్చేశాను. ఆ పిల్లవాడే, "ఏడ్వకక్కా, మేం తుడుస్తం" అని చొక్కా విప్పి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నిజంగానే ఒక్క మరక మిగలలేదు, తనిఖీ దాటేశాం. ఇప్పుడు మందుల కంపెనీల్లో అంతకంటే పెద్ద గదులకు నేలలు ఎంచుతున్నాను. అప్పటి నన్ను, ఆ డిప్లొమా పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ మోచేతికి కట్టు ఎవరు కట్టారో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు. నేనైతే కాదు.