పేరు చెరిపిన గ్లాసు

గూడూరు చుట్టుపక్కల ఎంతమంది పసివాళ్లకు కృపావతి చేతులు తొలి నీళ్లు పోశాయో లెక్క లేదు. బాలింతకు కాపడం పెట్టడం, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి లాలపోయడం ఆమె పని. బాలింతలు బీరువా తాళాలు మంచం మీద పడేసి నిశ్చింతగా నిద్రపోయేవాళ్లు. ఆ నమ్మకమే ఆమెకు కూడు పెట్టింది. ఇరవై ఏళ్లలో చెంచా పోయిందన్న మాట ఒక్క ఇంట్లోనూ పుట్టలేదు.

అలాంటి మనిషి తొంభై ఏడో సంవత్సరం వానాకాలంలో, పట్టపగలు, బందరులో ఒక వెండికొట్టు మెట్ల దగ్గర కొంగు చాటున గ్లాసు దాచుకుని వచ్చేపోయేవాళ్లను బెదురుగా చూస్తూ నిలబడింది. భర్త సీమోను నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులో పనిచేస్తూ కాలు కోసుకున్నాడు. అది పుండై, ముదిరి, ఇప్పుడు బందరు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంజెక్షన్లు బయట కొనుక్కు రమ్మన్నారు. ఇంట్లో అమ్ముకోదగ్గది ఆ వెండి గ్లాసొక్కటే.

గ్లాసు ఇచ్చింది గూడూరు వీరలక్ష్మిగారు. ఆవిడ మనవరాలు వర్షిణి నెలలు నిండకుండా పుడితే, మూడు నెలలు గుండెలకు హత్తుకుని సాకినందుకు ఇచ్చిన కానుక. కానుక మీద ఇచ్చినవాళ్ల పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించడం మనవైపు ఆనవాయితీ కదా, ఆ గ్లాసు అంచు కిందా వీరలక్ష్మిగారి పేరూ, తారీఖూ ఉండేవి.

ఉండేవి అనే చెప్పాలి. ఇంకొకరి పేరున్న వెండి పట్టుకెళ్తే దొంగసొత్తంటారేమోనని కృపావతికి భయం పట్టుకుంది. బయల్దేరే ముందు బట్టలుతికే రాయి మీద ఆ పేరు కనబడకుండా పోయేదాకా రుద్దింది. పిచ్చి తల్లి, దొంగలు చేసే పనేమిటో తెలియక సరిగ్గా అదే చేసింది.

షావుకారు గ్లాసును గీటురాయి మీద గీసి చూశాడు. యాసిడ్ చుక్క వేశాడు. తర్వాత వెలుతురుకు తిప్పి, గరుకుగా ఉన్న చోట బొటనవేలు ఆనించాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"నాదేనండి."

"నీదైతే పేరెందుకు గీకేశావ్?"

"ఇచ్చినావిడ పేరండి. గూడూరు వీరలక్ష్మిగారని..."

"ఓహో. అయితే ఆవిడకి ఫోన్ చేసి కనుక్కుందామా, స్టేషన్‌వాళ్లని పిలవమంటావా?"

"వద్దు బాబుగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఫోన్ మాత్రం చెయ్యొద్దు!"

తప్పు చేసి వద్దనలేదు. అంత పెద్దావిడ పేరును రాయికేసి రుద్దానన్న సంగతి ఆవిడ చెవిన పడుతుందేమోనని హడలిపోయింది. ఆ ఇంట్లో అనుమానం పుడితే పది ఇళ్లకు పాకుతుంది. ఆ పైన ఆమె చేతికి బిడ్డనెవరిస్తారు? బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

వద్దన్న ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు మహానుభావుడు. గ్లాసు తూకం వేస్తే నూట నలభై గ్రాములు తూగింది. ఆనాటి రేటుకు తొమ్మిది వందల ఎనభై. తరుగని కొంత కోశాడు. అతుకులో వెండి ఉండదని ఇంకొంత కోశాడు, గ్లాసుకు అతుకే లేకపోయినా. మిగిలినదాంట్లోనూ 'రిస్కు నాది' అంటూ కోసి, నాలుగొందలన్నాడు.

ఇంతలో కొట్లోకి సఫారీ సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. "నువ్వా మూల కూర్చుని ఆలోచించుకో," అని కృపావతితో అని, షావుకారు లేచి ఆయనకు కుర్చీ వేశాడు.

ఆయన సంచిలోంచి వెండి పళ్లెం తీశాడు. దాని మీదా ఇంకెవరిదో పేరుంది. షావుకారు ఆ పేరు పైకి చదివి నవ్వాడు.

"పెళ్లి కానుకా సార్? ఈ పేరుతో నేను అమ్ముకోలేను, కరిగించాల్సిందే. అదే పేరు లేకపోతే పాలిష్ పెట్టించి అద్దాల బీరువాలో పెట్టేవాణ్ణి. కొత్త సరుకు కింద తయారీ మజూరీతో సహా గిట్టుబాటయ్యేది. మీకు కాబట్టి నూటికి పదే తీస్తాను."

ఎవరిదని అడగలేదు. స్టేషన్ ఊసే లేదు. ఆయన టీ తాగి, డబ్బు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కృపావతి మూలన కూర్చుని అంతా విన్నది. పాత వెండి కొనేటప్పుడు తరుగు, కొత్తదిగా అమ్మేటప్పుడు మజూరీ, మధ్యలో బీదవాళ్ల భయం. పేరు చెరపడమనే పని కూడా తనే అతనికి చేసి పెట్టింది, కూలి లేకుండా. ఒళ్లు మండిపోయింది. అయినా భయం తగ్గలేదు, కోపం వచ్చి దాని పక్కన కూర్చుందంతే.

లేచి బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఫోన్ చెయ్యండి."

"ఎవరికి?"

"వీరలక్ష్మిగారికే. నంబరు నాకొచ్చండి, చెప్తాను రాసుకోండి."

రెండు అంకెలు చెప్పింది. ప్రభువా, ఈయన నిజంగా చెయ్యకుండా చూడు అని లోపల ఒకటే ప్రార్థన. షావుకారు రిసీవర్ మీద చెయ్యి వేశాడు. కృపావతి ఆగలేదు. మిగతా అంకెలు కూడా ఒక్కొక్కటే చెప్పేసింది.

ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తర్వాత నెమ్మదిగా కాలిక్యులేటర్ మీదికి జరిగింది.

"అంత కోపమెందుకమ్మా? వ్యాపారమన్నాక నాలుగూ అడుగుతాం," అంటూ నూటికి పది తీసి, ఎనిమిది వందల ఎనభై రెండు చేతిలో పెట్టాడు.

మందులు కొనుక్కుని ఆసుపత్రికి వచ్చి, సీమోను మంచం పక్కన కూలబడింది. అప్పుడు కట్టలు తెంచుకుంది ఏడుపు.

"ఏమైందే? డబ్బు తక్కువిచ్చాడా?" అన్నాడు సీమోను కంగారుగా.

"లేదయ్యా, సరిగ్గానే ఇచ్చాడు."

"మరెందుకేడుస్తున్నావ్?"

కృపావతి రెండు చేతులూ ముందుకు చాపి, కొత్తవాళ్ల చేతుల్ని చూసినట్టు చూసుకుంది.

"ఆ నాలుగొందలూ తీసుకోబోయానయ్యా. ఆ సారు రాకపోతే, దొంగనని ఒప్పేసుకుని వచ్చేసేదాన్ని."